చార్టు గీయడం వచ్చాక ఏమి నేర్చుకోవాలి? డ్యాష్‌బోర్డు శిక్షణపై పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: నేను బీకాం చదివి చిత్తూరులో ఒక డెయిరీ లెక్కల విభాగంలో పనిచేస్తున్నాను. ఎక్సెల్ బాగా వచ్చు. లెక్కలను చార్టులుగా చూపే మైక్రోసాఫ్ట్ సాఫ్ట్‌వేర్ పవర్ బీఐలో ప్రాథమిక శిక్షణ పూర్తిచేసి, మా పాల సేకరణ కేంద్రాల వివరాలతో ఒక డ్యాష్‌బోర్డు (ముఖ్యమైన అంకెలను, చార్టులను ఒకే చోట చూపే పేజీ) తయారుచేశాను. చూడడానికి బాగుందన్నారు గానీ, అందులో కనిపించే సగటు వెన్న శాతం రిజిస్టరుతో కుదరడం లేదని మా మేనేజరు గారు దాన్ని పక్కన పెట్టేశారు. తిరుపతిలో ఒక సంస్థ పవర్ బీఐ, అలాంటిదే అయిన టాబ్లో రెండింటిలోనూ అడ్వాన్స్‌డ్ శిక్షణ ఇస్తామంటోంది. ఫీజు నా జీతానికి పెద్ద మొత్తమే. చేరమంటారా?
– ఒక పాఠకురాలు, చిత్తూరు

సమాధానం: ముందుగా మీ లెక్క ఎక్కడ తేడా వచ్చిందో చూద్దాం. అడ్వాన్స్‌డ్ శిక్షణలో మీకు దొరకవలసిన విద్య అక్కడే ఉంది.

ఒక కేంద్రానికి 4 శాతం వెన్న ఉన్న పాలు 100 లీటర్లు, మరొక కేంద్రానికి 6 శాతం వెన్న ఉన్న పాలు 900 లీటర్లు వచ్చాయనుకోండి. వెన్న శాతం కాలమ్‌ను తెచ్చి చార్టులో పెట్టి సగటు అడిగితే పవర్ బీఐ 5 అని చూపిస్తుంది. ఆ పాలన్నీ ఒకే ట్యాంకరులో పోస్తే మాత్రం వెన్న 5.8 శాతం ఉంటుంది, ఎందుకంటే ఎక్కువ పాలు పోసిన కేంద్రానికి ఆ లెక్కలో ఎక్కువ బరువు ఉండాలి. మీరు రాసినదాన్ని బట్టి చూస్తే, మీ రిజిస్టరు ట్యాంకరు లెక్కను, మీ డ్యాష్‌బోర్డు శాతాల సగటును చూపిస్తూ ఉండవచ్చు. దీనికి పవర్ బీఐ సూత్రాల భాష అయిన డాక్స్‌లో ఒక మెజర్ (చూసే చోటును బట్టి లెక్కగట్టే సూత్రం) రాసుకోవాలి. సమ్‌ఎక్స్ అనే ఫంక్షన్‌తో ప్రతి వరుసలోనూ లీటర్లను శాతంతో గుణించి కూడాలి, ఆ మొత్తాన్ని డివైడ్ అనే ఫంక్షన్‌తో మొత్తం లీటర్లతో భాగించాలి. ఒకసారి సరిగా రాసిన మెజర్ కేంద్రం వారీగా చూసినా, మండలం వారీగా చూసినా, నెల వారీగా చూసినా అక్కడికక్కడ మళ్లీ లెక్కగట్టుకుని సరైన అంకెనే ఇస్తుంది. ఇదే పనిని కాలిక్యులేటెడ్ కాలమ్‌తో (ప్రతి వరుసకూ ముందే లెక్కగట్టి ఉంచే కాలమ్) ఎందుకు చేయలేమో, ఫిల్టర్ మారినప్పుడు మెజర్ విలువ ఎందుకు మారుతుందో, క్యాలిక్యులేట్ అనే ఫంక్షన్ ఆ ఫిల్టర్లను ఎలా మారుస్తుందో నిదానంగా వివరించే శిక్షణ అయితే ఆ ఫీజుకు విలువ ఉంది.

రెండవ విషయం డేటా మోడల్, అంటే టేబుళ్లను ఒకదానితో ఒకటి కలిపే అమరిక. ఎక్సెల్ అలవాటు ఉన్నవారు సర్వసాధారణంగా అన్నిటినీ ఒకే పెద్ద షీటులో ఉంచుతారు. దాని బదులు రోజువారీ పాల రాబడి ఒక టేబుల్‌గా, కేంద్రాల వివరాలు మరొకటిగా, తేదీలు ఇంకొకటిగా విడదీసి కలుపుకునే పద్ధతిని స్టార్ స్కీమా అంటారు. మోడల్ సరిగా కుదిరితే సూత్రాలు చిన్నవవుతాయి. అది కుదరని చోట ఎంత నేర్పరి రాసిన సూత్రమైనా ఏదో ఒక చోట తప్పుతుంది. షీట్లను శుభ్రపరిచే పవర్ క్వెరీ మీ ఎక్సెల్‌లోనే ఉంది కాబట్టి, దాన్ని ఫీజు కట్టకముందే ఆఫీసులో సాధన చేయవచ్చు.

రెండు సాఫ్ట్‌వేర్లనూ ఒకేసారి నేర్చుకోవద్దని నా గట్టి అభిప్రాయం. టాబ్లో మంచి సాధనమే. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో జరిగిన పరిశోధన నుంచి 2003లో పుట్టింది, 2019లో సేల్స్‌ఫోర్స్ అనే అమెరికా సాఫ్ట్‌వేర్ సంస్థ చేతికి వెళ్లింది. ఒక్కొక్క రైతు మొదటిసారి పాలు పోసిన తేదీని పట్టుకుని దాని ఆధారంగా రైతులను వర్గాలు చేయడం వంటి పనులకు అందులోని ఎల్ఓడీ (లెవెల్ ఆఫ్ డీటెయిల్, అంటే ఏ స్థాయిలో లెక్కగట్టాలో మనమే చెప్పే) సూత్రాలు చాలా అనువుగా ఉంటాయి. అయితే మీ ఆఫీసు ఎక్సెల్ మీద నడుస్తోంది, మీకు పవర్ బీఐతో పరిచయం కూడా ఉంది. ఒకదానిలో లోతుకు వెళితే, ఆ ఆలోచనలతోనే రెండవదాన్ని తర్వాత తక్కువ కాలంలో పట్టుకోగలరు.

రూపకల్పన గురించి కూడా ఒక మాట చెప్పాలి. గణాంక శాస్త్రవేత్తలు విలియం క్లీవ్‌లాండ్, రాబర్ట్ మెక్‌గిల్ 1984లో ప్రచురించిన పరిశోధన ప్రకారం, ఒకే కొలబద్దపై ఉన్న స్థానాలను మన కన్ను అన్నిటికంటే కచ్చితంగా పోల్చగలదు. కోణాలను, వైశాల్యాలను పోల్చడంలో పొరపడుతుంది. అందుకే పన్నెండు కేంద్రాల రాబడిని గుండ్రటి పై (pie) చార్టులో ముక్కలుగా కోయడం కంటే, ఎక్కువ నుంచి తక్కువకు వరుసగా పేర్చిన బార్లలో చూపడం మేలు. ఎరుపు, ఆకుపచ్చ రంగులను విడదీసి చూడలేనివారు పురుషుల్లో గణనీయంగా ఉంటారు కాబట్టి, బాగోగులను ఆ రెండు రంగులతోనే తెలపకుండా పక్కన అంకె గానీ బాణం గుర్తు గానీ పెట్టండి. మేనేజరు గారు పొద్దున్నే తెరిచి ఏ కేంద్రానికి ఫోన్ చేయాలో తేల్చుకోగలిగితే ఆ పేజీ తన పని చేసినట్టే.

చేరే ముందు ఒక క్లాసులో కూర్చోనిమ్మని అడగండి. రైతుల పేర్లు, ఖాతా వివరాలు తీసేసిన మీ ఫైలును తీసుకెళ్లి, ఈ వెన్న శాతం లెక్కను శిక్షకుడి ముందు పెట్టండి. మోడల్ చూపించమని అడిగి, టేబుళ్లు ఎలా కలిశాయో చూసి సమాధానం చెప్పేవారైతే చేరండి. సిలబస్ నిండా చార్టుల పేర్లే ఉంటే ఆ డబ్బు దాచుకోండి.

ప్రశ్న: మాది తిరుపతి, పరిశోధక విద్యార్థిని. చిత్తూరు జిల్లా ఉద్యాన పంటల గణాంకాలతో డ్యాష్‌బోర్డు చేస్తే, 2022 తర్వాత గీత ఒక్కసారిగా పడిపోతోంది. దిగుబడి ఎందుకు తగ్గిందని మా గైడ్ గారు అడుగుతున్నారు.

సమాధానం: దిగుబడి తగ్గిందని నిర్ణయించే ముందు జిల్లా సరిహద్దులు చూడండి. 2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 26 అయ్యాయి. పాత చిత్తూరు నుంచి కొంత భాగం తిరుపతి జిల్లాకు, మదనపల్లె ప్రాంతం అన్నమయ్య జిల్లాకు వెళ్లాయి. పేరు ఒకటే గానీ, ఆ తేదీకి ముందున్న చిత్తూరు వేరు, తర్వాతి చిత్తూరు వేరు. చిత్తూరు, తిరుపతి జిల్లాల అంకెలు కలిపేస్తే పాత జిల్లా వస్తుందనుకోవడం కూడా పొరపాటే. గూడూరు, సూళ్లూరుపేట, వెంకటగిరి ప్రాంతాలు 2022లో నెల్లూరు జిల్లా నుంచి వచ్చి తిరుపతిలో చేరాయి, మదనపల్లె వైపు మండలాలేమో ఈ రెండింటిలోనూ లేవు.

కాబట్టి లెక్కను మండల స్థాయికి దించండి. ప్రతి మండలానికి పాత జిల్లా, కొత్త జిల్లా, మారిన తేదీ ఉండేలా ఒక టేబుల్ చేసి మోడల్‌లో కలపండి. ఒక్కొక్క ఫైలులో మండలం పేరును ఒక్కొక్క విధంగా రాస్తారు కాబట్టి పేర్ల మీద కాకుండా, కేంద్ర పంచాయతీరాజ్ శాఖ వారి లోకల్ గవర్నమెంట్ డైరెక్టరీలోని కోడ్ మీద కలపడం క్షేమం. ఆ తర్వాత పాత హద్దులతో ఒక గీత, కొత్త హద్దులతో మరొక గీత చూపే బటన్ ఇవ్వండి. 2022 ఏప్రిల్ దగ్గర ఒక నిలువు గీత గీసి, జిల్లాల పునర్విభజన అని చార్టులోనే రాయండి. పాత హద్దులతో చూసినా గీత పడుతూనే ఉంటే, అప్పుడు గైడ్ గారి ప్రశ్నకు వర్షపాతంలోనూ తోటల విస్తీర్ణంలోనూ సమాధానం వెతకాలి.

ప్రశ్న: బీఎస్సీ చివరి సంవత్సరంలో ఉన్నాను. సర్టిఫికెట్ ఉంటే ఉద్యోగం వస్తుందా?
– ఒక విద్యార్థి, తిరుపతి

సమాధానం: పవర్ బీఐ సర్టిఫికెట్ కోసం మైక్రోసాఫ్ట్ వారు పెట్టే పీఎల్-300 పరీక్షలో 1000కి 700 రావాలి. దానికి చదివితే విషయం క్రమపద్ధతిలో వస్తుంది. ఉద్యోగమిచ్చేవారు మాత్రం మీరు చేసిన పని చూపించమంటారు. పవర్ బీఐ డెస్క్‌టాప్ ఉచితమే గానీ విండోస్‌లోనే నడుస్తుంది, మ్యాక్ ఉంటే టాబ్లో వారి ఉచిత రూపమైన టాబ్లో పబ్లిక్‌తో మొదలుపెట్టండి. అందులో ప్రచురించినది ఎవరైనా చూడగలరు కాబట్టి, కాలేజీ మార్కుల జాబితాలు, బంధువుల దుకాణం లెక్కలు వంటివి అక్కడ పెట్టకుండా, ప్రభుత్వం బహిరంగంగా ఇచ్చే గణాంకాలనే ఎంచుకోండి.