బావి మట్టాన్ని బట్టి ఇంకిన నీటిని లెక్కకట్టేటప్పుడు

చిరంజీవి మేనల్లుడికి ఆశీస్సులు.

చంద్రగిరి పల్లెల్లో వాన నీరు ఎంత ఇంకుతోందో బావుల మట్టాలను బట్టి తేల్చాలని నువ్వు పూనుకోవడం నాకు ఎంతో సంతోషంగా ఉంది. సూత్రం చిన్నదే. మట్టం పెరిగిన ఎత్తును ఆ నేల పొర స్పెసిఫిక్ ఈల్డ్‌తో, అంటే నీటితో నిండిన పొర తన ఘనపరిమాణంలో జారవిడిచే నీటి వంతుతో గుణించాలి. చిక్కంతా ఆ వంతును ఎంచుకోవడంలోనే ఉంది. చివికిన గ్రానైటులో బంకమన్ను తక్కువైతే 1997 నాటి ప్రభుత్వ భూగర్భజల అంచనా పద్ధతి 0.03 వేయమంది, ఎక్కువైతే 0.015. మట్టం 3 మీటర్లు పెరిగిన బావికి మొదటిది వేస్తే 90 మిల్లీమీటర్లు, రెండోది వేస్తే అందులో సగమే వస్తుంది. కాబట్టి బావి తవ్వినప్పుడు గట్టున పోసిన మన్నును తడిపి, పిసికి చూడు. ముద్దకట్టి వేళ్లకు అంటుకుంటే తక్కువ విలువే వేసుకో. స్వర్ణముఖి ఒడ్డు ఇసుక నేలల లెక్క పూర్తిగా వేరు, వాటిని వీటితో కలిపి సగటు తీయవద్దు.

కొలిచే కాలం విషయంలో మరీ జాగ్రత్త అవసరం. మనకు నైరుతితో వాన ముగియదు, ఈశాన్య రుతుపవనాలు డిసెంబరు దాకా ఉంటాయి. 2021 నవంబరు మూడో వారంలో తిరుపతిని ముంచెత్తిన వాన ఆ నెల మొదట్లో తీసిన కొలతల్లో ఎలా కనిపిస్తుంది? మే నెలతో పాటు నవంబరులోనూ, జనవరిలోనూ తప్పక కొలువు.

బావి గట్టు మీద రంగుతో ఒక గుర్తు పెట్టి, ఎప్పుడూ అక్కడి నుంచే టేపు దించు. రాత్రంతా మోటారు ఆగి ఉన్న బావిని, తెల్లవారి కరెంటు రాకముందే కొలవాలి. లోతు బోరులో నీరు ఒత్తిడితో ఎగదన్నవచ్చు కనుక ఆ మట్టానికి ఈ సూత్రం వర్తించదు.

మట్టం పెరగలేదంటే నీరు ఇంకలేదని అర్థం కాదు నాయనా. ఆ నెలల్లో రైతులు తోడిన నీటిని మోటారు నడిచిన గంటలను బట్టి లెక్కగట్టి కలపాలి. చెరువుల నుంచి, తడిపిన మడుల నుంచి తిరిగి ఇంకినదాన్ని తీసేస్తేనే వాన వాటా తేలుతుంది.

చివరగా, వానలో 8 నుంచి 11 శాతం ఇంకుతుందనే, అదే 1997 పద్ధతిలోని గ్రానైటు నేలల లెక్కతో సరిచూడు. తేడా 20 శాతం దాటితే ముందు తోడిన నీటి లెక్కనే మళ్లీ తిరగేయి, ఎక్కువ తప్పులు దొర్లేది అక్కడే. జనవరి కొలతలు పూర్తయ్యాక కాగితాలు నాకు పంపు, చూస్తాను.

నీ మేనమామ,
తిరుపతి