పదహారేళ్ల పిల్లలకు శృంగార నవలా?

సందేహం: టీనేజ్ పిల్లల కోసం వచ్చిన ఒక ఇంగ్లీషు నవలను తెలుగు చేస్తున్నాను. కథ 1850ల నాటి ఇంగ్లండులో జరుగుతుంది. ఒక పాత భవంతి, అందులో తాళం వేసి ఉంచిన గది, ఎప్పుడో జరిగిన ఒక చావు. దాని సంగతి తేల్చాలని చూసే పదహారేళ్ల అమ్మాయి, ఆమెను ఇష్టపడే ఒక కుర్రాడు. అట్ట మీద ‘గోథిక్ హిస్టారికల్ మిస్టరీ రొమాన్స్’ అనీ, కింద ‘యంగ్ అడల్ట్’ అనీ వేశారు. నేను ‘యువ వయోజనుల కోసం గాథిక్ చారిత్రాత్మక రహస్య శృంగార నవల’ అని రాస్తే ఇంట్లో అందరూ ఒకటే నవ్వు. అట్ట వెనక ‘ఆ భవంతి ఆమెను వెంటాడింది’ అన్న వాక్యానికీ నవ్వారు. ప్రతి మాటా నిఘంటువు చూసే రాశాను. ఎక్కడ తప్పాను? (ఒక పాఠకురాలు)

సమాధానం: నిఘంటువు మిమ్మల్ని మోసం చెయ్యలేదమ్మా. ఒక్కో మాటకూ అది చెప్పిన అర్థం సరైనదే. అయితే ఆ మాట ఇవాళ ఎవరి నోట, ఏ సందర్భంలో తిరుగుతోందో నిఘంటువు చెప్పదు. అట్ట మీద పేరు చూసి పుస్తకం కొనేవాళ్లకు కావలసింది ఆ రెండో సంగతే.

నవ్వంతా మొదలైంది శృంగారం దగ్గర. నిజానికి అది చాలా గౌరవమైన మాట. నాట్యశాస్త్రంలో భరతుడు చెప్పిన ఎనిమిది రసాల్లో మొదటిది. ప్రేమికులు కలిసి ఉన్నా శృంగారమే, విడిపోయి ఒకరి కోసం ఒకరు కుమిలిపోతున్నా శృంగారమే. ఆ రెండోదాన్ని విప్రలంభం అన్నారు. శ్రీనాథుడు నలదమయంతుల కథను తెలుగు చేసి ‘శృంగార నైషధం’ అని పేరు పెట్టుకున్నాడు. అన్నమయ్య పాటలు రాగిరేకుల మీద అధ్యాత్మ కీర్తనలు, శృంగార కీర్తనలు అని రెండు వర్గాలుగానే ఉన్నాయి. అలంకరించుకోవడం అనే అర్థం కూడా ఈ మాటకు ఉంది. ఆ అర్థంతోనే ఇది తద్భవమై ‘సింగారం’ అయింది. పిల్లకు సింగారం చేశాం అంటే జడ వేసి పూలు పెట్టామని. చూడండి వింత: తద్భవం అద్దం ముందే ఉండిపోయింది, తత్సమం పడకగదిలోకి వెళ్లి తలుపేసుకుంది. ఇవాళ ‘శృంగార నవల’ అంటే పిల్లలకు అందకుండా దాచే పుస్తకమే. దాన్ని మళ్లీ పాత అర్థంలోకి లాక్కురావడం మీ అట్ట ఒక్కదాని వల్ల అయ్యే పని కాదు.

పోనీ ‘రొమాన్స్’ అని తెలుగు లిపిలో రాసేస్తే? అదీ ఇక్కడికొచ్చి చిక్కిపోయింది. సినిమా వార్తల్లో ‘ఫలానా హీరోతో రొమాన్స్’ అంటే ఆయన పక్కన హీరోయిన్‌గా వేస్తోందని. మామూలు మాటల్లో ‘రొమాన్స్ చేస్తున్నారు’ అంటే చాటుమాటు సరసం. ఇంగ్లీషులో దాని ప్రయాణం వేరు. లాటిన్‌లో కాకుండా జనం మాట్లాడే భాషలో రాసినది అని పాత ఫ్రెంచిలో దాని మొదటి అర్థం. ఆ భాషలో వచ్చిన వీరుల కథలకూ, సాహసాల కథలకూ అదే పేరైపోయింది. ప్రేమకథ అన్న అర్థం చాలా తర్వాతది. మన విమర్శకులు ‘రొమాంటిక్’ అన్నదాన్ని ‘కాల్పనిక’ అన్నారు. ఫిక్షన్‌ని కూడా కాల్పనిక సాహిత్యమనే అంటున్నాం కాబట్టి అటు వెళ్లారో మరో గందరగోళం. మీ కథకు ‘ప్రేమకథ’ చాలు. పదహారేళ్ల పిల్ల చేతిలో ఉన్నా, వాళ్ల నాయనమ్మ చేతిలో ఉన్నా ఇబ్బంది లేని మాట.

ఇక గోథిక్. గోతులు రోమ్ సామ్రాజ్యాన్ని అల్లాడించిన జెర్మానిక్ జాతి. 410లో రోమ్ నగరాన్ని దోచుకున్నది వాళ్లే. వెయ్యేళ్ల తర్వాత ఇటలీ వాళ్లకు, తమకు ముందు కాలంలో కట్టిన కోసు కమానుల చర్చిలు మోటుగా కనిపించాయి. వాటిని గోతుల పని అని ఎగతాళి చేశారు. అలా ఒక జాతి పేరు కట్టడాలకు తిట్టయింది. 1764 చివర్లో ఇంగ్లీషు రచయిత హొరేస్ వాల్‌పోల్ ‘ది కాసిల్ ఆఫ్ ఒట్రాంటో’ అనే నవల అచ్చు వేయించాడు, తన పేరు పెట్టకుండా. పాత ఇటాలియన్ పుస్తకానికి అనువాదమని బొంకాడు కూడా. జనం ఎగబడి చదివాక, 1765లో రెండో ముద్రణకు ‘గోథిక్ కథ’ అని ఉపశీర్షిక తగిలించాడు. ఆయన ఉద్దేశంలో అది మధ్యయుగాల నాటి కథ అని మాత్రమే. కోటలు, సొరంగాలు, దయ్యాలు కథలో ఉండేసరికి భయం కూడా ఆ మాటలోకి చేరింది. గోథిక్‌కూ గోస్ట్‌కూ చుట్టరికం ఉందనుకునేవాళ్లు ఉన్నారు, ఏమీ లేదు.

ఇన్ని మలుపులు తిరిగిన పేరును అనువదించలేం, అలాగే తెచ్చుకోవాలి. ‘నవల’ను అలాగే తెచ్చుకున్నాం కదా. 1872లో తెలుగు నవల ‘నవీన ప్రబంధం’ అనిపించుకుంది, వీరేశలింగం గారి కాలానికి ‘వచన ప్రబంధం’ అయింది. అవేవీ నిలవలేదు. నావెల్‌కు దగ్గరగా వినిపించే ‘నవల’ను కాశీభట్ట బ్రహ్మయ్యశాస్త్రి గారు వాడారు, దానికి సంస్కృతంలో వ్యుత్పత్తి కూడా చూపించారు. పాత తెలుగులో నవల అంటే ఆడది అనే అర్థం ఉన్నా ఆ మాట నిలబడిపోయింది.

మీరు రాసిన ‘గాథిక్’ ఉచ్చారణ లెక్కన తప్పు కాదు. ఇంగ్లీషులోని అలాంటి అచ్చును మనం డాక్టర్, ఆఫీసు, కాఫీ అని ‘ఆ’గానే పలుకుతాం. కానీ ‘గాథిక్’ అనగానే తెలుగువాడికి ‘గాథ’ గుర్తొస్తుంది. గాథకు సంబంధించినది గాథికం కాబోలు అనుకుంటాడు. అందుకే ‘గోథిక్’ మేలు. పనిలో పని, గాథకు ఒత్తు థకారం మరచిపోకండి. ‘వీరగాధ’ అని అచ్చవుతుంటే నాకు ప్రాణం చివుక్కుమంటుంది. గాధం అంటే లోతు లేనిది. అగాధం దానికి వ్యతిరేకం. వీరగాధ అంటే మోకాలి లోతు వీరత్వమన్నమాట.

గోథిక్‌కు ‘భయానక’ అని అనువాదం రాసేవాళ్లున్నారు. సగం నిజం. నాట్యశాస్త్రం ఆరో అధ్యాయంలో భయానక రసం పుట్టే కారణాలు చెబుతూ భరతుడు వికృతమైన అరుపులు, నక్కలు, గుడ్లగూబలు, అడవి, వీటి మధ్య ‘శూన్యాగారం’ అన్నాడు. మనుషులు లేని ఇల్లు. మీ నవలలో తాళం వేసిన గది ఆ పాదులో మొలిచిందే. అయితే గోథిక్‌లో భయం ఒంటరిగా రాదు, ప్రేమను వెంటబెట్టుకుని వస్తుంది. మన అలంకారికులు శృంగారానికి భయానకం విరోధి అన్నారు. ఆ రెంటినీ ఒకే ఇంట్లో కాపురం పెట్టించడమే ఈ తరహా నవలల తెంపరితనం. అందుకే ఒక్క ‘భయానకం’తో పని జరగదు.

ఇక్కడే మరో తేడా కూడా పట్టుకోవాలి. 1790లలో ఈ నవలలకు మహారాణిలా వెలిగిన ఆన్ రాడ్‌క్లిఫ్ రాసిన వ్యాసం ఒకటి ఆమె పోయిన మూడేళ్లకు, 1826లో అచ్చయింది. భయం రెండు రకాలంటుంది అందులో. ఒకటి మనసును విప్పి చురుకు పుట్టిస్తుంది, రెండోది, ఆమె మాటలో ‘హారర్’, ముడుచుకుపోయేలా చేసి గడ్డకట్టిస్తుంది. మొదటిదాన్ని భయానకం, రెండోదాన్ని బీభత్సం అనుకుంటే మనకు సులువుగా అర్థమవుతుంది. మీ నవల మొదటి రకమైతే అట్ట మీద ‘హారర్’ అన్న మాట రానివ్వకండి. రక్తపు మరకలు ఆశించి కొన్నవాడు నిరాశపడతాడు, భయపడేవాడు అసలు కొనడు.

మిస్టరీకి ‘రహస్యం’ అన్నారు. రహస్యం దాచేవాడి వైపు మాట. తాళం చెవి ఎవరి దగ్గర ఉందో వాడికది రహస్యం. తలుపు బయట నిలబడ్డ మీ అమ్మాయికి అది అంతుపట్టని చిక్కు. ఆ రెండో అర్థానికి మనవాళ్లు మిస్టరీనే తెచ్చుకుని చక్కగా తెలుగు చేసుకున్నారు. ‘హత్య కేసులో వీడిన మిస్టరీ’ అన్న శీర్షిక పేపర్లో చూసే ఉంటారు. ముడి వీడుతుంది, జడ వీడుతుంది. మిస్టరీని చిక్కుముడిలా ఊహించుకున్నారు కాబట్టే ఆ క్రియ దానికి అతికింది. అపరాధ పరిశోధన అనే మాట ఒకటుంది గానీ, అది డిటెక్టివ్ నవలల సొత్తు. మీ పిల్ల డిటెక్టివ్ కాదు.

‘చారిత్రాత్మక’ మాత్రం తప్పు. కళాత్మక, ప్రయోగాత్మక అంటాం, ‘కాళాత్మక’ అనం కదా. అలాగే చరిత్రాత్మకం. అదీ గొప్ప తీర్పుకో, గొప్ప సంఘటనకో వాడే మాట. గతకాలంలో నడిచే నవల చారిత్రక నవల. వ్యాకరణం పట్టుకుంటే సామాజిక, పౌరాణిక లాగా ‘చారిత్రిక’ కావాలి. కానీ ‘చారిత్రక’ అందరి కలాల్లోనూ స్థిరపడింది, నేనూ అదే రాస్తున్నాను.

‘యువ వయోజనులు’ చూస్తే రాత్రిబడిలో పలక పట్టుకున్న పెద్దవాళ్లు గుర్తొస్తారు, వయోజన విద్య పుణ్యమా అని. అమెరికన్ లైబ్రరీ అసోసియేషన్ 1957లోనే ఈ వయసు పాఠకుల సేవలకు విడిగా ఒక విభాగం పెట్టింది. దాదాపు పన్నెండు నుంచి పద్దెనిమిదేళ్ల వాళ్లు. కౌమారం అనొచ్చు గానీ డాక్టరు గది గోడ మీద పోస్టర్‌లా ఉంటుంది. ‘టీనేజ్ నవల’ అనండి. గోథిక్‌కూ ఆ వయసుకూ స్నేహం కొత్తది కాదు. 1817 డిసెంబరులో వెలువడిన జేన్ ఆస్టెన్ ‘నార్తాంగర్ అబ్బీ’లో ఇలాంటి నవలల పిచ్చి ఉన్న పదిహేడేళ్ల అమ్మాయి ఉంటుంది. తుఫాను రాత్రి పాత బీరువా తెరిచి, ఒక కాగితాల చుట్ట దొరకగానే ఏదో ఘోరం బయటపడబోతోందని వణికిపోతుంది. అంతలో కొవ్వొత్తి ఆరిపోతుంది. తెల్లారి చూస్తే అవి చాకలి పద్దులు.

ఇంతకీ ఇంట్లోవాళ్ల నవ్వుకు ఇంకో కారణం కూడా ఉండాలి. తెలుగులో మాటలు పేర్చుకుంటూ పోతే బరువు చివరి మాట మీద పడుతుంది, ప్రతిదీ తన పక్కనున్నదాన్ని అంటుకుంటుంది. మీరు రహస్యాన్ని తెచ్చి శృంగారం పక్కన కూర్చోబెట్టారు. చదివేవాడికి అది ‘రహస్య శృంగారం’! అందుకే నాలుగు విశేషణాలూ అట్ట మీదకు ఎక్కించకండి. ముందు ‘గోథిక్ మిస్టరీ నవల’ అని వేసి, వెనక ఒక వాక్యం రాయండి: ‘1850ల నాటి ఇంగ్లండులో, తాళం వేసిన ఒక గది గుట్టు తేల్చబోయి ప్రేమలో పడ్డ పదహారేళ్ల అమ్మాయి కథ.’ సంవత్సరం చెప్పాక చారిత్రక అని వేరే చెప్పక్కర్లేదు.

చివరగా ఆ వెంటాడిన భవంతి. వెంటాడడం అంటే వెనకబడి తరమడం. జ్ఞాపకాలు వెంటాడతాయి అనడం మనకు అలవాటైపోయింది, సరే. భవంతికి పునాదులున్నాయి కదా, గోడలతో సహా లేచి పరుగెత్తినట్టుంది మీ వాక్యంలో. ‘ఆ భవంతి ధ్యాస ఆమెను వదల్లేదు’ అనండి. అయితే మూలంలోని ఇంగ్లీషు మాట ‘హాంట్’ అయి ఉంటుంది, దానికి దయ్యాలు తిరగడం అనే అర్థం కూడా ఉంది, ఒకసారి సరిచూసుకోండి. మనిషికైతే దయ్యం పడుతుంది, ఇంట్లో అయితే తిరుగుతుంది. (దైవం అన్న మాటే వికృతి చెంది దయ్యం అయింది, పాత కావ్యాల్లో దయ్యమంటే దేవుడే.) రాడ్‌క్లిఫ్ పద్ధతిలో, దయ్యం అనుకున్నది చివరికి మనిషి పనే అని తేలే కథ అయితే మాత్రం ‘ఆ ఇంట్లో దయ్యం తిరుగుతోంది’ అని రాయకండి, మీరు అబద్ధం ఆడినట్టవుతుంది. ‘తిరుగుతోందట’ అని రాయండి. ఆ ఒక్క ‘అట’ చేరిస్తే మాట ఊళ్లోవాళ్లది అవుతుంది, చివరి అధ్యాయం దాకా మీకు పూచీ ఉండదు.