సాక్ష్యం చెప్పమంటున్నారు, నాకేమో భయంగా ఉంది

ప్రశ్న: మాది కావలి దగ్గర పల్లె. నాకు 42 ఏళ్లు, పెళ్లయి 19 ఏళ్లు. మా ఆయన రొయ్యల గుంటలు చూసుకుంటారు. పిల్లల కోసం నెల్లూరులో, చెన్నైలో చూపించుకున్నాం. ఇక చాలనుకుని కొన్నేళ్ల క్రితం మందులు మానేశాం. ఈమధ్య నెలసరి రాకపోతే ఆగిపోయిందేమో అనుకున్నా. స్కాన్ తీసి 11వ వారం అన్నారు, బిడ్డ గుండె కొట్టుకోవడం చూపించారు. ఈ ఏడాది వాచ్‌నైట్‌లో (డిసెంబరు 31 రాత్రి చర్చిలో జరిగే ఆరాధన) నేను తీసిన వాగ్దానం కార్డు (బైబిల్ వాక్యం రాసిన చీటీ) మీద ‘యెహోవాకు అసాధ్యమైనది ఏదైనా ఉన్నదా’ అనే మాటే ఉంది. పాస్టర్ గారు వచ్చే ఆదివారం చర్చిలో అందరి ముందు సాక్ష్యం (దేవుడు చేసిన మేలు) చెప్పమంటున్నారు. అత్తమ్మది ఒంగోలు, పాత బాప్టిస్టు కుటుంబం. అప్పుడే బిడ్డకు ఇస్సాకు అని పేరు పెట్టేసింది. డాక్టరమ్మ నా వయసుకు కొన్ని టెస్టులు కావాలంటే, దేవుడిచ్చిన బిడ్డకు టెస్టులేంటి, అది అవిశ్వాసం అంటోంది. నాకు రాత్రుళ్లు నిద్ర పట్టడం లేదు. గర్భం నిలవకపోతే? బిడ్డకు లోపం ఉంటే? ఇన్నేళ్లు అడిగి, తీరా ఇచ్చాక భయపడుతున్నానంటే నాకు విశ్వాసం లేనట్టేనా?
- ఒక సోదరి

జవాబు: అమ్మా, ముందు ఆదివారం సంగతి తేల్చేద్దాం. ఇప్పుడే సాక్ష్యం చెప్పనక్కర్లేదు. పెద్ద వయసులో గర్భం వచ్చిన ఎలీసబెతు ఐదు నెలలు ఎవరి కంటా పడకుండా ఇంట్లోనే ఉందని లూకా మొదటి అధ్యాయంలో ఉంది. ఎందుకో లూకా రాయలేదు. భర్త జెకర్యా దేవాలయంలో ధూపం వేసిన యాజకుడు, నలుగురూ ఎరిగిన ఇల్లు. చాటుకోవాలనుకుంటే ఎంతసేపు? (ఆయనకు ఆ రోజుల్లో మాట పడిపోయింది కాబట్టి ఆయన నోటి వెంట బయటపడే ప్రమాదమూ లేదనుకోండి.) ఆ ఐదు నెలలూ నోరు విప్పనందుకు ఆమెను ఎవరూ తప్పుపట్టినట్టు అక్కడ లేదు. కాబట్టి పాస్టర్ గారితో "ఐదో నెల స్కాన్ అయ్యాక చెబుతానండీ, అప్పటిదాకా మాకోసం ప్రార్థన చేయండి" అనండి. మీకు నోరు రాకపోతే మీ ఆయన చేత చెప్పించండి. సాక్ష్యానికి గడువేమీ లేదు.

గడువున్నది టెస్టులకే. ఆ సంగతికి మళ్లీ వస్తాను. మీరు అసలు అడిగింది భయం గురించి.

మీ కార్డు మీద మాట ఆదికాండం 18వ అధ్యాయం 14వ వచనం. కార్డు పక్కనబెట్టి బైబిల్ తెరిచి, దానికి ముందున్న రెండు వచనాలూ తర్వాతి వచనమూ చదవండి. డేరా గుమ్మం దగ్గర వింటున్న అబ్రాహాము భార్య శారా, ముసలిదాన్నయ్యాక నాకు పిల్లలా అని లోలోపల నవ్వుకుంది. శారా ఎందుకు నవ్విందని దేవుడు అబ్రాహామును అడిగితే, నవ్వలేదని ఆమె బొంకింది. భయపడి అలా అందని అక్కడే రాసి ఉంది. మీ కార్డు మీదున్న మాట ధైర్యంగా నిలబడిన మనిషి గురించి చెప్పింది కాదు, నమ్మలేక నవ్వి, భయపడి అబద్ధమాడిన ఆడమనిషి గురించి చెప్పింది. "నువ్వు నవ్వావు" అని దేవుడు మొహమ్మీదే అన్నాడు గానీ, ఇస్తానన్నది వెనక్కి తీసుకోలేదు. అంతకుముందు అధ్యాయంలో అబ్రాహాము కూడా సాష్టాంగపడి మరీ నవ్వాడు. ఆయన హారానులో బయలుదేరినప్పుడు వయసు 75, ఇస్సాకు పుట్టేనాటికి 100. మధ్యలో ఓపిక చాలక దాసి హాగరు ద్వారా బిడ్డను కన్నారు, దాంతో ఇల్లంతా చిక్కుల్లో పడింది. ఈ సంగతులేవీ కార్డు మీద పట్టవు. మనం వీళ్లను విశ్వాసవీరులని పిలుచుకుంటాం. బైబిల్ మాత్రం వాళ్ల తడబాటును దాచలేదు.

మీ ఉత్తరం చదువుతుంటే నాకు శారా కంటే ఎక్కువగా షూనేము ఊరి గృహిణి గుర్తొచ్చింది. రెండో రాజుల గ్రంథం 4వ అధ్యాయంలో ఉంటుంది, ఆమె పేరు కూడా రాయలేదు. ఇంటి మీద గది కట్టించి, మంచం, బల్ల, పీట, దీపం అమర్చి ప్రవక్త ఎలీషాకు బస ఇచ్చింది. ఆమె పిల్లల్ని అడగలేదు. నీకేం కావాలంటే, నా వాళ్ల మధ్య నేను బాగానే ఉన్నానంది. కొడుకు పుడతాడని ఎలీషా అంటే సంతోషపడలేదు, నాతో అబద్ధమాడొద్దని వేడుకుంది. ఆశ పెట్టుకుని పెట్టుకుని, ఒకరోజు ఆ తలుపు మూసేసుకున్న వాళ్ల మాట అది. మీరూ మందులు మానేసిన రోజున అలా మూసుకుని ఉంటారు. మూసిన తలుపు మళ్లీ తీస్తే ముందు నొప్పే పుడుతుంది, సంతోషం తర్వాత వస్తుంది.

ఆ కథ అక్కడితో అయిపోలేదు. బిడ్డ పుట్టాడు, పెరిగాడు, ఒకరోజు తలనొప్పంటూ పొలం నుంచి వచ్చి తల్లి ఒళ్లోనే ప్రాణం విడిచాడు. ఆమె గాడిదెక్కి ఎలీషా దగ్గరికి పరుగెత్తి "కొడుకు కావాలని నేను అడిగానా? నన్ను మోసం చేయొద్దని చెప్పలేదా?" అని నిలదీసింది. పనివాడు గేహజీ ఆమెను పక్కకు నెట్టబోతే, ఎలీషా ఆమెను వదిలెయ్ అన్నాడు, ఆమె ప్రాణం ఎంతో బాధలో ఉందన్నాడు. విశ్వాసం ఏమైందని మందలించలేదు, లేచి ఆమె వెంట నడిచాడు. ఆ బిడ్డ మళ్లీ బతికాడు. మీ భయం పెంచాలని ఈ కథ చెప్పడం లేదు. నిద్రపట్టని రాత్రి మీరు దేవుణ్ణి అడిగే ప్రశ్నలు ఆమె అడిగినవాటి కంటే కఠినమైనవేం కావు. అడగండి.

ఇప్పుడు చెప్పబోయే మాట కొందరికి నచ్చదు. కార్డులో ఆ వాక్యం వచ్చింది కాబట్టి ఈ కాన్పు తప్పకుండా క్షేమంగా జరుగుతుందని నేను మీకు రాసివ్వలేను. ఆ వచనం రెండో సగంలో ఫలానా కాలానికి కొడుకు పుడతాడని ఉంది. అది శారా గురించి చెప్పిన మాట. మనకు దక్కేది మొదటి సగం, ఆయనకు అసాధ్యమైనది లేదనేది. పిల్లల కోసం అంత తపించిన రాహేలు రెండో కాన్పులో దారిలోనే చనిపోయింది. దాన్ని కూడా బైబిల్ రాసింది, ఆమె విశ్వాసానికి మార్కులు వేయలేదు. ఏ జాగ్రత్తలు తీసుకున్నా, ఏం జరిగినా మీతో ఉండే వాగ్దానం హెబ్రీ పత్రిక 13వ అధ్యాయంలో ఉంది: ‘నిన్ను ఏమాత్రమును విడువను, నిన్ను ఎన్నడును ఎడబాయను.’ నేనైతే కార్డు పక్కన దీన్ని కూడా రాసి పెట్టుకుంటాను.

ఇక టెస్టులు. అత్తమ్మతో గొడవ పెట్టుకోకండి, ఆమె ఊరి చరిత్రే ఆమెకు చెప్పండి. ఒంగోలులో ప్రార్థన కొండ ఆమెకు తెలియకుండా ఉండదు. 1854 జనవరి 1న మిషనరీ జూయెట్ గారు, ఇంకొందరు ఆ కొండెక్కి ఈ ప్రాంతం కోసం ప్రార్థన చేశారు. ఆ తర్వాతి మిషనరీ క్లౌ దొర ఒంగోలు వచ్చింది 1866లో. పదేళ్ల తర్వాత 1876-78 కరువు పడింది. జనం ఆకలికి రాలిపోతుంటే ఆయన మోకాళ్ల మీదే ఉండిపోలేదు. సర్వే పని తెలిసినవాడు కాబట్టి బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత కాంట్రాక్టు తీసుకుని, పలుగూ పారా చేతికిచ్చి, కూలి డబ్బులతో వేలమంది కడుపు నింపాడు. కూటి కోసం మతంలోకి వచ్చారని ఎవరూ అనకుండా ఆ కరువు రోజుల్లో బాప్తిస్మాలు కూడా ఆపేశాడు. తర్వాత 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. కాలువ తవ్వించినందుకు క్లౌ దొరకు విశ్వాసం తక్కువని మీ అత్తమ్మ అనదు కదా. స్కాన్ కూడా అలాంటి పనే.

డాక్టరమ్మ చెప్పింది బహుశా ఎన్టీ స్కాన్ (బిడ్డ మెడ వెనక నీటి పొర మందం చూసేది), దాంతో పాటు డబుల్ మార్కర్ రక్తపరీక్ష అయి ఉంటుంది. ఎన్టీ స్కాన్ 11వ వారం నుంచి 14వ వారం నిండకముందే చేయాలి. మీరు 11లో ఉన్నారు, అందుకే తొందర. 40 దాటిన తల్లులకు డౌన్ సిండ్రోమ్ (పుట్టుకతో వచ్చే జన్యు లోపం) ఉన్న బిడ్డ పుట్టే అవకాశం పెరుగుతుంది. మీ వయసుకు అది వందలో ఒకరిద్దరికి. మిగిలిన 98 మందికి ఆ సమస్య ఉండదన్న సంగతి రాత్రుళ్లు మనకు గుర్తురాదు. ఈ పరీక్షలు రిస్కు ఎక్కువా తక్కువా అన్నదే చెబుతాయి, బిడ్డకు జబ్బుందని తేల్చవు. ఎక్కువని వస్తే తేల్చే పరీక్షలు వేరే ఉంటాయి. అవి చేయించుకోవాలా వద్దా, వచ్చిన ఫలితంతో ఏం చేయాలి అన్నది మీరూ మీ ఆయనా డాక్టరుతో కూర్చుని నిర్ణయించుకోవాలి. సంఘం కాదు, అత్తమ్మ కాదు, నేనూ కాదు. 18 నుంచి 22 వారాల మధ్య బిడ్డ అవయవాలు చూసే టిఫా స్కాన్ ఉంటుంది. ఈ వయసులో బీపీ, షుగర్ వచ్చే అవకాశం ఎక్కువ కాబట్టి వాటిని క్రమంగా చూపించుకోవడం అన్నిటికంటే ముఖ్యం. ఆశా వర్కర్‌కు చెప్పి ఏఎన్ఎం దగ్గర పేరు రాయించుకోండి. ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వ ఆస్పత్రుల్లో గర్భిణులకు డాక్టరు ఉచితంగా చూస్తారు, ప్రైవేటులో చూపించుకుంటున్నా అక్కడికి కూడా వెళ్లొచ్చు. ఒక మంచి మాట: 11వ వారంలో గుండె కొట్టుకోవడం కనిపించిందంటే, గర్భం నిలవని ప్రమాదం మొదటి వారాల కంటే బాగా తగ్గినట్టే.

ఇస్సాకు అన్న పేరు గురించి. శారాకు, హన్నాకు, ఎలీసబెతుకు కొడుకులే పుట్టారు కాబట్టి అత్తమ్మ లెక్క అలా నడిచింది. అదే హన్నాకు సమూయేలు తర్వాత ముగ్గురు కొడుకులతో పాటు ఇద్దరు కూతుళ్లు కూడా పుట్టారని మొదటి సమూయేలు 2వ అధ్యాయంలో ఉంది. ఆ వాక్యం మీద ప్రసంగం నేనింతవరకు వినలేదు. ఆడపిల్ల పుడితే వాగ్దానం సగమే నెరవేరినట్టు ఎవరైనా మొహం పెడతారేమో అన్న దిగులు మీకుంటే, మీ ఆయనకు ఇప్పుడే చెప్పండి. "ఏ బిడ్డయినా మాకొకటే" అని ఆయన నోటితో ఇంట్లో ఒకసారి గట్టిగా అనిపించండి. స్కాన్‌లో ఆడో మగో అడగడం, చెప్పడం రెండూ నేరమే, అటు పోకండి.

ఐదో నెల తర్వాత సాక్ష్యం చెప్పేటప్పుడు ఒక్క జాగ్రత్త. మీ సంఘంలో వెనక వరుసలో ఇంకొకామె కూర్చుని ఉంటుంది, పెళ్లయి పదేళ్లో పన్నెండేళ్లో అయి. "విశ్వాసం ఉంచాను కాబట్టి దేవుడిచ్చాడు" అని మీరంటే, నాకు లేదు కాబట్టి ఇవ్వలేదని ఆమె ఇంటికి తీసుకెళ్తుంది. ఆ మాట 19 ఏళ్లు మీరు విన్నారు, దాని కోత మీకు తెలుసు. అడిగాను, మానేశాను, భయపడ్డాను, అయినా ఇచ్చాడని ఉన్నదున్నట్టు చెప్పండి.

అప్పటిదాకా ఒంటరిగా ఉండకండి. దేవదూత మాట విన్న మరియ కొండసీమకు వెళ్లి, తన కంటే చాలా పెద్దదైన ఎలీసబెతు దగ్గర సుమారు మూడు నెలలు ఉంది. మీకూ అలాంటి మనిషి ఒకరు కావాలి. అక్కో, పిన్నో, పాస్టరమ్మో, మీరు భయంగా ఉందంటే వెంటనే వాక్యం చెప్పకుండా వినేవాళ్లయితే చాలు. రెండు వారాలు దాటినా నిద్ర ఇలాగే ఉంటే డాక్టరమ్మకు ఆ సంగతి కూడా చెప్పండి. గర్భంతో ఉన్నప్పుడు వచ్చే ఆందోళనకు చికిత్స ఉంది. రక్తం కనిపించినా, కడుపులో తీవ్రంగా నొప్పి వచ్చినా, నెలలు పెరిగాక విపరీతమైన తలనొప్పి, కళ్లు మసకలు, మొహం వాపు వచ్చినా ప్రార్థన చేయించుకుని బయలుదేరదామని ఆగకండి. 108కి ఫోన్ చేసి బండెక్కండి, ప్రార్థన బండిలో చేసుకోవచ్చు.