సండే స్కూల్ టీచరు కాబోతున్న బిడ్డకు

బిడ్డా,

డిగ్రీ కాగానే చర్చిలో పిల్లలకు బోధించే పనిలోకే పోతానన్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మన ఇంట్లో ఇంకొకరు ఈ పనికి పూనుకున్నారని సంతోషం. నెల తిరిగేసరికి చేతిలో ఏముంటుందోనని గుబులు.

ముందు డిగ్రీ పూర్తి చెయ్యి. తర్వాత హైదరాబాద్‌లో ఆంధ్రా క్రిస్టియన్ థియలాజికల్ కాలేజీలో బి.డి.కి (బ్యాచిలర్ ఆఫ్ డివినిటీ, అంటే బైబిల్ చదువు డిగ్రీ) అప్లై చెయ్యి, ఆ డిగ్రీ ఇచ్చేది సెరాంపూర్ కాలేజీ సెనేట్. జీతం ఎంతో సంఘ పెద్దలతో ముందే కాగితం మీద రాయించుకో, మొహమాటపడకు.

పిల్లలున్న గది తలుపు ఎప్పుడూ తీసే ఉంచు. ఏ బిడ్డ మీదైనా చెడ్డ చెయ్యి పడిందని తెలిస్తే, సంఘం పరువు అంటూ నీ నోరు మూయించే వాళ్లుంటారు. వినకు. 2012 పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు చెప్పి తీరాలి. 1098, పిల్లల హెల్ప్‌లైన్ నంబరు, గుర్తుంచుకో.

ఇక నన్ను ఇన్నేళ్లుగా తొలుస్తున్న సంగతి. 1994 మే, దేవరకొండ దగ్గర ఒక ఊళ్లో వీబీఎస్, ఎండాకాలం సెలవుల్లో పిల్లలకు పెట్టే బైబిల్ క్లాసులు. నాకప్పుడు నీ ఈడే. ఆ రోజు బైబిల్లో గిద్యోను కథ, దేవుడు చెప్తే ఊరివాళ్లు మొక్కే బయలు అనే దేవత బలిపీఠం పడగొట్టినవాడు. బొమ్మలు అతికించి కథ చెప్పే ఫ్లానెల్ గుడ్డ బోర్డు మీద బయలు బలిపీఠం బొమ్మ పెట్టి, చేత్తో ఒక్కటి చరిచి కింద పడేశాను. చప్పట్లు మోగాయి. ఆ ఊపులో "మరి మీ ఇళ్లల్లో సంగతేంది?" అని అడిగాను.

తొమ్మిదేళ్ల పిల్లగాడొకడు ఇంటికి పోయి, నాయనమ్మ గూట్లో పెట్టుకున్న ఎల్లమ్మ పటం తీసి బావిలో పడేశాడు. వాళ్ల అమ్మానాన్నలు బొంబాయికి కూలికి పోతే వాణ్ని సాకుతున్నది ఆ ముసలమ్మే. చిన్నాయన కర్ర ఎత్తితే ఆమే అడ్డం నిలబడింది. దెబ్బ ఆమె మోచేతికి తగిలింది.

మర్నాడు పసుపు పట్టు వేసిన చేత్తో నా దగ్గరికి వచ్చింది. తిట్టలేదు. "టీచరమ్మా, పొద్దుగాల్నే తానం చేయించి, నూనె రాసి, తల దువ్వి నీ కాడికి తోలేది నేనే గదా" అన్నది. నాకు నోట మాట రాలేదు. తప్పయిందమ్మా అని కూడా అనలేకపోయాను. ఆ పిల్లగాడు మళ్లీ రాలేదు.

ఆ రాత్రి బైబిల్లో ఆ కథ ఉన్న న్యాయాధిపతులు 6వ అధ్యాయం మళ్లీ తీశాను. ఊరంతా గిద్యోనును చంపడానికి వస్తే అడ్డుపడింది అతని తండ్రి యోవాషు. కూలిన బలిపీఠం ఆయనదే. ఆ ముక్క నేను పిల్లలకు చెప్పనే లేదు.

అందుకే చెప్తున్నా, పాఠం మొదలుపెట్టక ముందే ప్రతి పిల్ల ఇంటి గడప తొక్కు. ఎవరు సాకుతున్నారు, ఎవరు తల దువ్వి పంపుతున్నారు, చూసి రా. టీచింగ్ మెథడ్స్ కాలేజీలో నేర్పుతారు, ఇది నేర్పరు. నువ్వు కూడా నాలాగే ఊపు మనిషివి. క్రిస్మస్ నాటకంలో నిన్ను చూసి మురిసిపోయాను, లోపల భయం కూడా వేసింది. కోప్పడుతున్నాననుకోకు తల్లీ.

పరీక్షలని తిండి మానకు. హాస్టల్ ఖాళీ చేశాక ఇటు వచ్చి పో. నా ఫ్లానెల్ బొమ్మల డబ్బా నీ కోసం తీసిపెట్టాను. అందులో యోవాషు బొమ్మ లేదు, నువ్వు గీసుకో.

నీ పెద్దమ్మ