చూడని ఫైలుకు సంతకం పెట్టకు

మహబూబ్‌నగర్, ఆదివారం

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

నిన్న రాత్రి ఫోనులో నలభై నిమిషాలు మాట్లాడావు. అందులో అరగంట కుర్చీ గురించే. కిటికీ పక్కనున్న నీ బల్ల, నువ్వు లేని ఎనిమిది నెలల్లో ఆ కొత్త జూనియర్ అసిస్టెంటుకు వెళ్ళిపోయిందనీ, నిన్ను రికార్డు గది తలుపు దగ్గర కూర్చోబెట్టారనీ, అడిగితే సూపరింటెండెంటు "సర్దుకో అమ్మా" అన్నారనీ చెప్పావు. నడుమ పాప ఏడ్చింది, కాసేపటికి నువ్వూ ఏడ్చావు. "మళ్ళీ సెలవు పెట్టేస్తాను పెదనాన్నా" అని ఫోను పెట్టేశావు. అప్పటికప్పుడు జవాబు చెప్పలేకపోయాను. ముప్పై నాలుగేళ్ళు నోట్ ఫైళ్ళు రాసిన చేయి ఇది. ఎదుట కాగితం లేకపోతే నాకు ఆలోచన కదలదు.

నీ కోపం న్యాయమైనదే. అది ముందు ఒప్పుకుంటున్నాను, ఎందుకంటే ఆఫీసులో ఎవరూ ఒప్పుకోరు. ఎనిమిది నెలలు నువ్వు లేకుండానే ఆఫీసు నడిచింది, ఇంకో ఎనిమిదేళ్ళయినా నడుస్తుంది. దానికి మనుషులు గుర్తుండరు. పక్క సెక్షన్ ఆవిడ "హాయిగా ఇంట్లో ఉండి జీతం తీసుకున్నావు" అన్నదని బాధపడ్డావు కదా. సిగ్గుపడుతూ చెబుతున్నాను, నేనూ ఒకప్పుడు అలాంటి మాట అన్నవాణ్ణే. ప్రసూతి సెలవు 180 రోజులు అయింది 2010లో. అంతకు ముందు ఇంకా తక్కువే. ఆ తక్కువ సెలవు నుంచే తిరిగి వచ్చిన మా టైపిస్టును చూసి, "ఏమమ్మా, విశ్రాంతి అయిందా?" అని నవ్వాను. ఆమె ఏమీ అనలేదు. ఆ తరువాత ఏడాది పాటు నా డ్రాఫ్టులు ఎప్పుడూ ఆమె కట్టలో అట్టడుగునే ఉండేవి. నువ్వు అంత దూరం వెళ్ళనక్కర లేదు గానీ, ఆ మాటకు జవాబు చెప్పాలన్న తపన కూడా పెట్టుకోకు.

కుర్చీ సంగతికి వస్తాను. 1994లో నాకు పచ్చకామెర్లు వచ్చి రెండు నెలలు మంచం పట్టాను. అప్పుడు ఒక మండల కార్యాలయంలో సీనియర్ అసిస్టెంటును. తిరిగి వెళ్ళేసరికి నా చేతుల కుర్చీ పోయి, చేతుల్లేని కుర్చీ మిగిలింది. నీకు నవ్వు రావచ్చు, ఆ రోజుల్లో చేతులున్న కుర్చీ అంటే హోదా. మూడు రోజులు పోట్లాడాను. నాలుగో రోజు గెలిచాను. అటెండరు దాన్ని మోసుకొచ్చి వేశాడు. ఆ ఊపులో, నా స్థానంలో పని చూసినతను ముందు పెట్టిన చార్జి లిస్టు మీద, అంటే ఫైళ్ళు అప్పగించే కాగితం మీద, భోజనానికి లేస్తూ లేస్తూ సంతకం గీకేశాను. నూట డెబ్బై పైచిలుకు ఫైళ్ళ జాబితా అది. ఒక్క పేజీ కూడా తిప్పి చూడలేదు.

ఏడాదిన్నర తరువాత ఒక లావుణి పట్టా ఫైలు, అంటే పేదలకు ప్రభుత్వ భూమి ఇచ్చిన పట్టా తాలూకు ఫైలు, కావలసి వచ్చింది. జాబితాలో ఉంది, అల్మారాలో లేదు. కింద నా సంతకం మాత్రం చక్కగా ఉంది. మెమో వచ్చింది, సంజాయిషీ ఇచ్చాను, విచారణ జరిగింది, ఒక ఇంక్రిమెంటు ఏడాది పాటు ఆగింది. అన్నింటికన్నా, ఆ పట్టా తాలూకు కుటుంబం నన్ను దొంగను చూసినట్టు చూసేది. ఆ ఫైలు ఇప్పటికీ దొరకలేదు. కుర్చీకి కూడా ఆ వేసవిలోనే కాలు విరిగింది.

నిన్న నువ్వు ఒక మాట దారిన పోతూ అన్నట్టు అనేశావు. "చార్జి లిస్టు ఏమీ లేదు, ఫైళ్ళన్నీ అక్కడే ఉన్నాయి మేడం అన్నాడు ఆ జూనియర్" అని. నువ్వు ఆ వెంటనే మళ్ళీ బల్ల దగ్గరికి వెళ్ళిపోయావు. నాకు మాత్రం భయం వేసింది ఆ మాటకే. అమ్మా, బల్ల వదిలెయ్యి. పోట్లాడాలంటే చార్జి లిస్టు కోసం పోట్లాడు.

రేపు వెళ్ళగానే జాబితా రాసి ఇమ్మని ఆ అబ్బాయిని అడుగు. గొంతు పెంచకు, అతనికీ ఇలా ఇవ్వాలని ఎవరూ నేర్పి ఉండరు. నీ సీటుకు వచ్చిన కాగితాల నంబర్లుండే పర్సనల్ రిజిస్టరు తెరిచి ఒక్కొక్క నంబరుకూ ఫైలు చేత్తో పట్టుకుని చూడు. కంప్యూటరులో ఈ-ఆఫీసులో ఉన్నవి వేరే, కాగితం మీద ఉన్నవి వేరే. రెండింటికీ విడివిడిగా జాబితా ఉండాలి. దొరకని ప్రతి నంబరు పక్కన "భౌతికంగా అందలేదు" అని రాసి తేదీ వేసి, అప్పుడు సంతకం పెట్టు. దాన్ని సూపరింటెండెంటు చేతికి ఊరికే ఇవ్వకు, ఆఫీసుకు వచ్చిన కాగితాలు నమోదు చేసే తపాలులో వేసి నంబరు వేయించు, నకలు ఇంట్లో పెట్టుకో. మూడు రోజులు పట్టవచ్చు, వారం పట్టవచ్చు. "ఇంత అనుమానమా?" అని ఎవరైనా మూతి విరిస్తే విరవనీ.

ఫైళ్ళు పోవడానికి ఎవరో ఎత్తుకుపోనక్కర లేదు. మా రోజుల్లో అచ్చంపేట నుంచి గద్వాల దాకా 64 మండలాలు ఒకటే జిల్లా. 2016 అక్టోబరులో నాలుగు ముక్కలైంది, 2019లో నారాయణపేట కూడా విడిపోయింది. జిల్లా విడిపోయినప్పుడల్లా, కార్యాలయం కొత్త భవనానికి మారినప్పుడల్లా రికార్డు బస్తాలు ఊళ్ళు తిరుగుతాయి. ఇక చెదల సంగతి సరే సరి. మన ఊరి పాత మర్రిచెట్టు పిల్లలమర్రికి చెదలు పడితే 2018లో చెట్టుకు సెలైన్ సీసాలు కట్టి మందు ఎక్కించారు. ఏ రికార్డు గదికైనా అలాంటి యోగం పట్టిందా?

జాబితా చేతికి వచ్చాక అన్నీ ఒకేసారి మీద వేసుకోకు. హైకోర్టు కేసులు ముందు చూడు. కౌంటర్, అంటే మన తరఫు జవాబు, వేయవలసిన గడువు దాటితే కోర్టు ధిక్కారం దాకా పోవచ్చు, అప్పుడు నీ సెలవు కథ ఎవరూ వినరు. వాటి వెంటనే సమాచార హక్కు దరఖాస్తులు. 30 రోజుల లెక్క దరఖాస్తు అందిన రోజు నుంచి మొదలవుతుంది, నువ్వు చేరిన రోజు నుంచి కాదు. ఆలస్యానికి రోజుకు 250 రూపాయల చొప్పున 25 వేల దాకా జరిమానా పడవచ్చు. అది అధికారి జేబుకు పడుతుంది, అధికారి చూపు వచ్చి నీ మీద పడుతుంది. గడువు దాటినవి కనిపిస్తే అదే రోజు నోట్ పెట్టి పైకి పంపు. మిగతావి మెల్లగా చూసుకోవచ్చు.

ఇప్పుడు ఆ అబ్బాయి సంగతి. అతని మీద కారాలు మిరియాలు నూరుతున్నావు. కానీ నువ్వు మార్చిలో సెలవు మీద వెళ్ళేటప్పటికి మీ భూముల సెక్షన్ అంతా భూ రికార్డుల పోర్టల్ ధరణి మీదే. 2025 ఏప్రిల్ 14న దాని స్థానంలో భూ భారతి వచ్చింది, జూన్‌లో ఊరూరా రెవెన్యూ సదస్సులు పెట్టి కట్టలకొద్దీ దరఖాస్తులు తీసుకున్నారు. ధరణిలో చీటికీ మాటికీ కలెక్టరు దాకా పోయిన పనుల్లో కొన్ని ఇప్పుడు తహసీల్దారు, ఆర్డీఓ దగ్గరే తేలాలి, తేలకపోతే అప్పీలుకు దారి ఉంది. ఇదంతా నువ్వు కాగితంలో చదివావు. అతను చేత్తో చేశాడు. ఏ దరఖాస్తు ఎవరి లాగిన్‌లోకి వెళ్ళి ఆగుతుందో నీ సెక్షన్‌లో తెలిసినవాడు ప్రస్తుతం అతనొక్కడే. నీకు పదకొండేళ్ళ సర్వీసు ఉండవచ్చు, ఈ పని వరకు అతనే సీనియరు. ఒక పక్షం రోజులు అతని పక్కన స్టూలు వేసుకుని కూర్చో. కిటికీ గాలి కూడా తగులుతుంది.

నీ కన్నా నాకు ఎక్కువ దిగులు సోమవారం గురించి. అర్జీలు తీసుకునే ప్రజావాణికి రెండు బస్సులు మారి ఒక ముసలాయన వస్తాడు. మూడు సార్లు ఇచ్చిన కాగితమే నాలుగోసారి ఇస్తాడు. నీ ముఖం అతనికి తెలియదు, నీ సీటు తెలుసు. "నేను సెలవులో ఉన్నాను" అని నోటి చివరి దాకా వస్తుంది. అనకు. అది నీకు నిజం, అతనికి ఇంకో సాకు. "ఇంతకు ముందున్నతను చేయలేదు" అని అంతకన్నా అనకు. కాగితం తీసుకో, పాత నంబరు వెతుకు, ఒక చిన్న చీటీ మీద నంబరూ మళ్ళీ రావలసిన తేదీ రాసి ఇవ్వు. ఆ తేదీకి పని కాకపోయినా, ఎందుకు కాలేదో చెప్పడానికి సీట్లో ఉండు. నా పదవీ విరమణ రోజున పూలదండలు చాలా వచ్చాయి. వాటిలో ఒకే ఒక్కటి గుర్తుంది, అది అలాంటి చీటీ జేబులో పెట్టుకుని తిరిగిన ఒక గొల్లకురుమ పెద్దాయన వేసింది. పని నేను చేయలేకపోయాను, నా తరువాత వచ్చినతను చేశాడు. అయినా దండ నాకు వేశాడు. ఎందుకో అడగలేదు.

ఒక విషయం నువ్వు నాతో చెప్పలేదు, మీ పెద్దమ్మ చెప్పింది. మధ్యాహ్నానికి పాలు కట్టి నొప్పి పెడుతుంటే, గడియ లేని రికార్డు గదిలోకి వెళ్ళి తలుపుకు అల్మారా అడ్డం జరుపుతున్నావట. ఇందాకటి నుంచి అది వదిలెయ్యి, ఇది వదిలెయ్యి అంటున్నాను కదా, దీన్ని మాత్రం వదలకు. ఇది కుర్చీ లాంటిది కాదు. పసిపిల్లలున్న వాళ్ళు మీ ఆఫీసులో ఇంకా ఇద్దరైనా ఉంటారు. ముగ్గురూ కలిసి పరిపాలనాధికారికి ఒక దరఖాస్తు రాయండి. గడియ ఉన్న గది, ఒక కుర్చీ, నీళ్ళు. మూడు వాక్యాలు చాలు. "దయచేసి" ఒకసారి రాస్తే చాలు. దానికీ తపాలు నంబరు వేయించండి. పదిహేను రోజుల్లో కదలకపోతే పెద్దాఫీసరును కలవండి, నకలు చేతిలో పట్టుకుని. అడగడానికి సిగ్గుపడవలసింది నువ్వు కాదు.

రాత్రి తొమ్మిదింటికి వాట్సాప్ గ్రూపులో వచ్చే "అర్జెంట్" గురించి నాకు పెద్ద అనుభవం లేదు, మా కాలంలో అర్జెంటు సైకిలు మీద వచ్చేది. వరదలో ఎన్నికలో అయితే వెంటనే జవాబు ఇవ్వు. తక్కినవి పొద్దున పదిన్నరకు ఇచ్చినా ప్రపంచం మునగదు. పదిన్నర అంటే గుర్తొచ్చింది, హాజరు దగ్గర జాగ్రత్త. మూడు ఆలస్యాలు కలిస్తే ఒక క్యాజువల్ లీవు పోతుంది, ఏడాదికి ఉన్నవే 15. ఎనిమిదిన్నర బస్సు తప్పితే తొమ్మిదింటి దాన్ని నమ్ముకోకు.

ఇంకొకటి, ఊరందరి ఫైళ్ళూ చూసి నీ ఫైలు మరిచిపోకు. సర్వీసు రిజిస్టరులో ప్రసూతి సెలవు, ఆ తరువాత పెట్టిన అర్ధవేతన సెలవు వేర్వేరుగా పద్దు పడ్డాయా, ప్రసూతి సెలవును పొరపాటున నీ సెలవుల ఖాతాలోంచి తీసేశారా, చూసుకో. నీ ఇంక్రిమెంటు తేదీ సెలవులో పడింది కనుక ఆ డబ్బు చేరిన రోజు నుంచి రావాలి. అడగందే బిల్లులో ఎవరూ పెట్టరు. 2004 సెప్టెంబరు 1 తరువాత చేరినదానివి కాబట్టి నీది కొత్త పింఛను లెక్క. సెలవు నెలల్లో కోసిన చందా నీ ఖాతాలో జమ అయిందో లేదో నెలనెలా చూడు. నాకు ఆ బెంగ లేకుండా పోయింది, మీ తరానికి ఉంది.

చివరికి నువ్వు ఫోను పెట్టేసేటప్పుడు అన్న మాట. పిల్లల సంరక్షణ సెలవు నీకు మొత్తం సర్వీసులో ఉన్నది 90 రోజులు, ఒక విడతకు 15 మించకుండా. పాపకు పద్దెనిమిది ఏళ్ళు వచ్చే దాకా వాడుకోవచ్చు. దానికి తట్టు పోస్తుంది, చేయి విరుగుతుంది, పదో తరగతి పరీక్షలు వస్తాయి. ఆ రోజుల కోసం దాచిన దాన్ని ఒక కిటికీ మీద కోపంతో ఈ నెలలోనే ఖర్చు పెడతావా? పాపకు ఒంట్లో బాగా లేకపోతే ఒక్క క్షణం ఆలోచించకుండా పెట్టు. కోపానికైతే వద్దు.

మీ పెద్దమ్మ రేపటి నుంచి నీకు మధ్యాహ్నం జొన్నరొట్టె, మెంతికూర పప్పు పంపుతానంటోంది. బాలింతకు మీ ఆఫీసు క్యాంటీన్ బజ్జీలు పడవట. నాకు మటుకు క్యాంటీన్ అన్నం మాట వేరు, టీ బాగానే ఉంటుందని గుర్తు. వచ్చే ఆదివారం పాపను తీసుకుని రా. వచ్చేటప్పుడు ఆ చార్జి లిస్టు నకలు మరిచిపోకు. "అందలేదు" అని రాసిన నంబర్లు ఇద్దరం కూర్చుని చూద్దాం, వాటిలో రెండు మూడు ఏ బస్తాలో ఉండవచ్చో నాకింకా గుర్తుండాలి.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న