ఆరు నెలలు నడవడానికి మూడు రూపాయల వడ్డీకి అప్పా?

ప్రశ్న: మాది గుంటూరు. వయసు 38. ప్రైవేటు కంపెనీలో ఉద్యోగం, చేతికి నెలకు 62 వేలు వస్తుంది. హోమ్ లోన్ ఈఎంఐతో కలిపి ఇంటి ఖర్చు 43 వేలు. సేవింగ్స్‌లో 1.2 లక్షలు ఉన్నాయి, మ్యూచువల్ ఫండ్‌లో నెలకు 5 వేల సిప్ నడుస్తోంది. భార్య, ఇద్దరు పిల్లలు, షుగర్ ఉన్న అమ్మ నా మీదే ఆధారపడ్డారు. ఉద్యోగం మానేసి డిసెంబరు చివర్లో శ్రీనగర్ నుంచి కన్యాకుమారికి నడవాలని కోరిక. రోజుకు 30 కిలోమీటర్ల చొప్పున నాలుగు నెలలు. ఖర్చు 2.5 లక్షలు అవుతుంది. ఇంట్లో బంగారం పెట్టి లక్షన్నర, తెలిసినవాళ్ళ దగ్గర మూడు రూపాయల వడ్డీకి లక్ష తెద్దామనుకుంటున్నాను. సరేనా?

జవాబు: సరి కాదండీ. నడక సంగతి తర్వాత మాట్లాడదాం, ముందు ఆ లక్ష సంగతి చూద్దాం. మూడు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 36 శాతం. జీతం లేని మనిషి నెలనెలా 3 వేలు ఎక్కడి నుంచి తెచ్చి కడతాడు? మీరు రోడ్డు మీద ఉంటే అడగడానికి వచ్చేవాళ్ళు మీ గుమ్మం ముందు నిలబడతారు, తలుపు తీసేది మీ భార్య. 2015 డిసెంబరులో విజయవాడను కుదిపేసిన కాల్‌మనీ అధిక వడ్డీల వ్యవహారం మనవాళ్ళెవరూ మర్చిపోలేదు. అయినా ఇలాంటి ఉత్తరాలు వస్తూనే ఉన్నాయి. కొందరు కారుకని, కొందరు పెళ్ళికని రాస్తారు. మీరు నడకకని రాశారు.

మీ ఉత్తరాన్ని ఎంచుకున్నది మాత్రం అప్పు గురించి కాదు. బయలుదేరే మనిషి ఖర్చుకు 2.5 లక్షలని లెక్క వేశారు, అన్ని నెలలూ ఇంట్లో ఉండే నలుగురి ఖర్చు ఆ లెక్కలో వేయలేదు. ఏడాది విదేశీ కోర్సుకు వెళ్ళేవాళ్ళూ, ఉద్యోగం మాని వ్యాపారం పెట్టేవాళ్ళూ ఇదే పొరపాటు చేస్తారు.

మీ లెక్కలో ఆదివారం లేదు. శ్రీనగర్ నుంచి కన్యాకుమారికి 44వ నంబరు హైవే మీద సుమారు 3,700 కిలోమీటర్లు. బరువు మోస్తూ రోజుకు 25, వారానికో రోజు విశ్రాంతి అనుకుంటే దాదాపు ఆరు నెలలు. అదీ దారి తెరిచి ఉంటేనే. మీరు బయలుదేరేది కాశ్మీరీలు చిల్లాయ్ కలాన్ అనే 40 రోజుల గడ్డు చలిలో. డిసెంబరు 21న మొదలవుతుంది. మంచుకో, కొండచరియలకో రాంబన్, బనిహాల్ దగ్గర హైవే మూసేస్తే లాడ్జిలో కూర్చున్న ప్రతి రోజూ ఖర్చే. ఇంకొకటి. మీరు శీతాకాలంలో బయలుదేరుతున్నారు గానీ ఈ లెక్కన మార్చి నెలాఖరుకు నాగపూర్ చేరతారు. కర్నూలు, అనంతపురం దారిలో మే నెల ఎండ. ఆ ఎండ గురించి గుంటూరు వాళ్ళకు నేను చెప్పాలా?

ఆరు నెలల నడక, తిరిగొచ్చాక ఉద్యోగం దొరకడానికి తక్కువలో తక్కువ మూడు నెలలు. తొమ్మిది నెలలకు నెలకు 43 వేల చొప్పున 3.87 లక్షలు కావాలి. మీ దగ్గర ఉన్నది 1.2 లక్షలు. అది మూడు నెలలు కూడా రాదు. ఈ 3.87 లక్షలు పక్కన పెట్టేదాకా రాజీనామా రాయకండి. అందులో ఒక్క రూపాయి కూడా బూట్లకూ, టెంటుకూ వాడకండి. ఎఫ్‌డీలో వేసి, ఖాతా భార్యతో జాయింట్‌గా, ఇద్దరిలో ఎవరైనా తీసుకునేలా పెట్టండి. బయటి రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్ జమ్ముకాశ్మీర్‌లో పనిచేయదు, పోస్ట్‌పెయిడ్ కావాలి. డబ్బంతా మీ ఒక్కరి ఖాతాలో ఉండి, ఓటీపీ మీ ఫోన్‌కే వస్తుంటే, ఇక్కడ అమ్మకు మందులు కొనడానికి కూడా ఇబ్బందే.

అమ్మ మాట వచ్చింది కాబట్టి ఇన్సూరెన్స్. మీ ఇంటికి ఉన్నది కంపెనీ ఇచ్చిన గ్రూప్ ఆరోగ్య పాలసీ ఒక్కటే అయితే, ఉద్యోగంతో పాటే అదీ పోతుంది. తర్వాత కొత్తది కొంటే షుగర్ లాంటి ముందునుంచీ ఉన్న జబ్బులకు మూడేళ్ళ దాకా వెయిటింగ్ పెట్టొచ్చు, అంటే అప్పటిదాకా ఆ జబ్బులకు క్లెయిమ్ ఇవ్వరు. అందుకే రాజీనామాకు ముందే, అదే బీమా కంపెనీలో వ్యక్తిగత పాలసీకి మారతామని అడగండి. ఇప్పటిదాకా గడిచిన వెయిటింగ్ కాలం లెక్కలోకి వస్తుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య, జీవిత బీమాలకు జీఎస్టీ కూడా లేదు. టర్మ్ జీవిత బీమా పాలసీ లేకపోతే జీతం స్లిప్పు చేతిలో ఉండగానే తీసుకోండి.

మీకు విడిగా కావలసింది ప్రమాద బీమా. జనవరిలో పంజాబ్, హర్యానా పొగమంచులో లారీ డ్రైవరుకు ముందున్న లారీయే కనబడదు, మీ బ్యాగు ఏం కనబడుతుంది? మన దగ్గర ఇంద్రకీలాద్రికి కాలినడకన వచ్చే భవానీలను తెల్లవారుజామున వాహనాలు ఢీకొన్న వార్తలు చదువుతూనే ఉన్నాం. వాళ్ళు గుంపుగా నడుస్తారు, మీరు ఒంటరిగా. ఏడాదికి 20 రూపాయలకు 2 లక్షలిచ్చే ప్రధానమంత్రి సురక్షా బీమా తీసుకోండి, కానీ అంతటితో అయిపోయిందనుకోకండి. కాలు విరిగి మంచాన పడితే వారం వారం డబ్బిచ్చే క్లాజు ఉన్న పాలసీ చూడండి. నడక గురించి ప్రపోజల్ ఫారంలో అడిగితే దాచకండి.

పీఎఫ్ ముట్టుకోవద్దు. సిప్ ఆపొద్దు. క్రెడిట్ కార్డుతో ఏటీఎంలో డబ్బు తీస్తే ఆ రోజు నుంచే వడ్డీ. బంగారం పెట్టినా సాధారణంగా ఏడాది తిరిగేసరికి అసలు, వడ్డీ కలిపి కట్టాలి, మీకు అప్పటికి ఉద్యోగం వచ్చి రెండు మూడు నెలలైతే గొప్ప.

ఇప్పుడు నెలకు మీకు 14 వేలు మిగులుతోంది. ఇంటి నిధి నిండడానికి ఇరవై నెలలు, అంటే రెండు శీతాకాలాలు ఆగాలి. నడక ఖర్చుకు బోనస్‌లు చూసుకోండి. ఈలోగా సంక్రాంతి సెలవులకు వారం కలిపి ఒక ముక్క నడిచి చూడండి. రోజుకు ఎంత ఖర్చవుతుందో, మోకాళ్ళు ఏమంటాయో తెలుస్తుంది. ప్రకాశం బ్యారేజీ మీద రోజూ ఉదయం నడిచే నాకు నాలుగు రోజుల నడకలోనే కాళ్ళు బొబ్బలెక్కాయి.

మీరు కన్యాకుమారి చేరేది జూన్‌లో. అప్పుడే స్కూళ్ళు తెరుస్తారు. పిల్లల ఫీజు ఎంతో మీరు రాయలేదు, అది 43 వేలలో ఉందో లేదో చూడండి. ఆరు నెలలు జీతం లేని సెలవు ఇస్తారేమో, ఆ సెలవులో గ్రూప్ పాలసీ కొనసాగుతుందేమో హెచ్ఆర్‌ను అడగండి. ఆ రెండూ తెలిశాక మళ్ళీ రాయండి.