ఇమాటినిబ్ మొదలుపెట్టిన అమ్మాయికి పెద్దమ్మ ఉత్తరం

చిరంజీవి లక్ష్మీసౌభాగ్యవతి అయిన అమ్మాయికి, నీ పెద్దమ్మ ఆశీర్వదించి వ్రాస్తున్నది.

మొన్న నువ్వు ఫోనులో రిపోర్టు చదివి వినిపిస్తూ క్రానిక్ మైలాయిడ్ లుకేమియా, అంటే ఒక రకం రక్త క్యాన్సరు, అన్న మాట దగ్గర ఆగిపోయావు. 2008లో నేనూ సరిగ్గా అక్కడే ఆగిపోయాను. ఆ రోజు ధైర్యం చెప్పడానికే సమయమంతా సరిపోయింది కనుక, మందు వేసుకునే తీరు గురించి చెప్పవలసినదంతా ఈ ఉత్తరంలో పెడుతున్నాను. నేను డాక్టరును కాను, ఇన్నేళ్లుగా ఈ జబ్బుకు ఇచ్చే ఇమాటినిబ్ మాత్ర వేసుకుంటున్నదానిని మాత్రమే. నా మాటకూ మీ డాక్టరు గారి మాటకూ ఎక్కడైనా తేడా వస్తే వారి మాటనే పాటించు.

ముందుగా ఆ మాత్ర లోపల చేసే పని తెలుసుకో, ఎందుకంటే అది తెలిస్తే మిగిలిన జాగ్రత్తలు ఒకరు చెప్పకుండానే అర్థమవుతాయి. మన కణాలలోని 9వ క్రోమోజోము ముక్క ఒకటి, 22వ క్రోమోజోము ముక్క ఒకటి చోటు మార్చుకోవడంతో ఈ జబ్బు మొదలవుతుంది. అలా కురచబడిన 22వ క్రోమోజోమును 1960లో ఫిలడెల్ఫియా నగరంలో గుర్తించారు కనుకనే నీ రిపోర్టులో ఆ ఊరి పేరు కనిపిస్తోంది. ఆ అతుకు వల్ల పుట్టిన బీసీఆర్-ఏబీఎల్ అనే ప్రోటీను, తెల్లకణాలను తయారుచేస్తూనే ఉండమని మూలుగకు ఎడతెగకుండా ఆజ్ఞ ఇస్తుంది. ఇమాటినిబ్ ఆ ప్రోటీనును పట్టుకుని ఆ ఆజ్ఞను ఆపుతుంది. అయితే రక్తంలో మందు తగినంత ఉన్నంతసేపే ఆ పట్టు ఉంటుంది. వేసుకున్న మందు సుమారు 18 గంటలలో సగానికి తగ్గిపోతుంది. రోజుకు ఒకసారి, తప్పకుండా, అదే వేళకు వేసుకోమనడానికి కారణం ఇదే.

నీకు వ్రాసిన మోతాదు 400 మిల్లీగ్రాములు అన్నావు. దానిని రోజులో పెద్ద భోజనం చేసిన తరువాత, నిండు గ్లాసు మంచినీళ్లతో, కూర్చుని మింగాలి. నేను మొదట్లో ఉదయం రెండు ఇడ్లీలు తిని వేసుకునేదానిని, పది గంటలయ్యేసరికి కడుపులో తిప్పి వాంతి వచ్చేది. డాక్టరు గారిని అడిగి రాత్రి భోజనానికి మార్చుకున్నాక ఆ బాధ చాలావరకు తగ్గింది. కానీ మింగిన వెంటనే పడుకోకుండా గంటసేపైనా కూర్చునే అలవాటు చేసుకున్నాను. మాత్రను నూరవద్దు, విరవవద్దు. మింగడం కష్టమైన రోజున 400 మిల్లీగ్రాముల మాత్రను 200 మిల్లీలీటర్ల నీటిలో వేసి, చెంచాతో కలిపి, పూర్తిగా విడిపోయిన వెంటనే తాగేయవచ్చు. ఉపవాసాల విషయం కూడా ఇప్పుడే తేల్చుకో. కార్తీక సోమవారమైనా, శివరాత్రి అయినా ఖాళీ కడుపుతో ఈ మాత్ర వేసుకోకూడదు, ఉపవాసం పేరుతో మానకూడదు. నేను పూర్తి ఉపవాసాలు విడిచిపెట్టి దీపం పెట్టుకుని దండం పెట్టుకుంటున్నాను.

ఇక అన్నిటికంటె ముఖ్యమైన విషయం, మాత్ర తప్పిపోవడం. సెలైను ఎక్కించుకోవడానికి ఆసుపత్రికి వెళ్లే రోగి రాకపోతే నర్సు ఫోను చేస్తుంది. మన మందు మాత్రం వంటింటి అలమరలో ఉంటుంది, వేసుకున్నామో లేదో అడిగేవారు ఉండరు. పైగా మూడు నెలలలో ప్లీహం వాపు తగ్గి, తెల్లకణాలు మామూలై, ఆకలి తిరిగి వచ్చి, జబ్బే లేనట్టు ఉంటుంది, మనం జారిపోయేది ఆ సమయంలోనే. మందు మొదలుపెట్టిన మూడవ సంవత్సరంలో నేను పెళ్లికని రెండు రోజులు, ఊరికి వెళ్లినప్పుడు మరచి ఒకరోజు, కాళ్లు పీకుతున్నాయని విసుగుతో మరి రెండు రోజులు, ఇలా నెలకు మూడు నాలుగు మాత్రలు వదిలేశాను. అయిదారు నెలల తరువాత, రక్తంలో బీసీఆర్-ఏబీఎల్ జాడ ఎంత మిగిలిందో కొలిచే పీసీఆర్ పరీక్షలో, అంతకుముందు వరుసగా తగ్గుతూ వచ్చిన అంకె పైకి లేచింది. డాక్టరు గారు మందు పనిచేయడం లేదేమోనని మరొక మందుకు మార్చే ఆలోచనలో ఉండగా, సిగ్గుపడుతూ నిజం చెప్పాను. ఆ నిజం ముందే చెప్పి ఉంటే అన్ని రోజుల ఆందోళన తప్పేది. లండనులో ఈ జబ్బు ఉన్న 87 మందికి ఇచ్చిన సీసాల మూతలలో, తెరిచిన ప్రతిసారీ నమోదు చేసే చిన్న పరికరం అమర్చి గమనించిన అధ్యయనం ఒకటి 2010లో వెలువడింది. నూటికి 90 మోతాదులకు మించి వేసుకున్నవారిలో ఆరేళ్లకు జబ్బు బాగా అదుపులోకి వచ్చే అవకాశం దాదాపు 94 శాతం ఉంటే, 90కి మించనివారిలో అది సుమారు 28 శాతమే. నూటికి పది అంటే నెలకు మూడు మాత్రలే, అమ్మా. నేను వదిలేసినన్ని మాత్రలే.

అందుకని స్ట్రిప్పు చేతికి రాగానే ప్రతి మాత్ర వెనుక పెన్నుతో తేదీ వ్రాసి పెట్టుకో. ఫోను అలారము మోగితే తరువాత వేసుకుందామని ఆపేస్తాము, తేదీ వ్రాసిన మాత్ర మిగిలిపోతే మాత్రం మర్నాడు అది కంటికి కనిపిస్తుంది. ఒక పూట మరచిపోతే గుర్తుకు రాగానే ఏదైనా తిని వేసుకో. తరువాతి మాత్ర వేళ దగ్గరపడితే మాత్రం ఆ తప్పిన దానిని వదిలేయి. రెండు కలిపి ఎప్పుడూ వేసుకోవద్దు. మాత్ర మింగాక వాంతి అయినా మరొకటి వేసుకోవద్దు, అలా తరచుగా జరిగితే డాక్టరు గారికి చెప్పు. ప్రయాణాలకు పది రోజులకు సరిపడా ఎక్కువ మాత్రలు చేతిసంచిలోనే ఉంచుకో.

మందుల షాపులో స్ట్రిప్పు తీసుకునేటప్పుడు పేరు, మోతాదు, గడువు తేదీ అక్కడే చదువు. ఒకసారి నాకు 400కు బదులు 100 మిల్లీగ్రాముల స్ట్రిప్పులు ఇచ్చారు. రంగు ఒకేలా ఉండడంతో నాలుగు రోజులు గమనించలేదు. కంపెనీ మారినా ఆ పేరు, మారిన తేదీ నీ నోటుపుస్తకంలో వ్రాసుకో.

ఇతర మందుల విషయంలో నువ్వు కఠినంగా ఉండాలి. క్షయకు ఇచ్చే రిఫాంపిసిన్, మూర్ఛకు ఇచ్చే ఫెనిటాయిన్, కార్బమజిపైన్ ఇమాటినిబ్‌ను త్వరగా కరిగించి రక్తంలో తగ్గించేస్తాయి. క్లారిత్రోమైసిన్, ఇట్రాకోనజోల్ వంటివి దానిని అవసరానికి మించి పెంచుతాయి. అందుచేత పంటి డాక్టరైనా, చర్మం డాక్టరైనా, వీధి చివరి ఆర్ఎంపీ అయినా, వారు మందు వ్రాసే ముందే నీ మందు పేరు చెప్పు. ఒళ్లునొప్పులకు డైక్లోఫెనాక్ సూది వేయించుకోవద్దు, ప్లేట్‌లెట్లు తక్కువగా ఉన్న రోజులలో అది రక్తస్రావానికి దారితీయవచ్చు. పారాసిటమాల్ కూడా రోజుకు ఎంతవరకు వేసుకోవచ్చో ముందే అడిగి ఉంచుకో. పళ్లలో గ్రేప్‌ఫ్రూట్, దాని జాతికే చెందిన మన పంపరపనస మానేయి, అవి ఈ మందు రక్తంలో పెరిగేలా చేస్తాయి. బత్తాయి, కమలా తినడానికి భయపడనక్కరలేదు. బంధువులు ప్రేమతో తెచ్చే పసర్లు, చూర్ణాలు, భస్మాలు మాత్రం తీసుకోవద్దు. వాటిలో ఏమున్నదో తెచ్చినవారికే తెలియదు. కాలేయం దెబ్బతింటే మన మందు ఆపవలసి వస్తుంది. ఆసుపత్రి వరండాలో పక్కన కూర్చున్నవారితో పోల్చుకోకు. వారు ఇదే జబ్బుకు ఇచ్చే మరొక మందు నిలోటినిబ్ వేసుకుంటూ ఉండవచ్చు, దానిని ఖాళీ కడుపుతోనే వేసుకోవాలి, మనది అన్నం తిన్నాకే.

ఉదయం లేవగానే కళ్ల చుట్టూ ఉబ్బు, రాత్రి పిక్కలు పట్టేయడం, విరేచనాలు, చర్మం కాస్త తెల్లబారడం చాలామందికి ఉండేవే. వాటిని వ్రాసిపెట్టి డాక్టరు గారికి చెప్పు, తగ్గించే ఉపాయాలు ఉన్నాయి. వారానికి రెండుసార్లు బరువు చూసుకో, ఉన్నట్టుండి రెండు కిలోలు పెరిగితే అది ఒంట్లో చేరిన నీరు కావచ్చు. 100.4 డిగ్రీల ఫారన్‌హీట్, అంతకు మించిన జ్వరం, ఆయాసం, చిగుళ్ల నుంచి రక్తం, నల్లని విరేచనం, కళ్లు పచ్చబడడం, తీవ్రమైన కడుపునొప్పి, వీటిలో ఏది కనిపించినా తెల్లవారేదాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లు.

మొదటి నెలలో వారం వారం, రెండవ నెలలో రెండు వారాలకొకసారి రక్తకణాల లెక్క చూసే సీబీపీ పరీక్ష చేయిస్తారు, కాలేయం పరీక్షలు కూడా ఉంటాయి. మూడు నెలలకొకసారి చేసే పీసీఆర్ అంకె మూడవ నెలకు 10 శాతం లోపుకు, ఆరవ నెలకు 1 శాతానికి, ఏడాదికి 0.1 శాతానికి దిగాలని చూస్తారు. వీలైనంతవరకు ప్రతిసారీ ఒకే ల్యాబులో చేయించు. అంకె బాగుందని నీ అంతట నువ్వు మందు ఆపవద్దు. చాలా ఏళ్లు జబ్బు దాదాపు కనిపించనంత అదుపులో ఉన్నవారిలో కొందరికి ఆపి చూస్తారు కానీ, అది డాక్టరు పర్యవేక్షణలో, తరచు పరీక్షలతో జరిగే పని.

నువ్వు అడగడానికి సంకోచించిన సంగతి నేనే వ్రాస్తాను. ఈ మందు వేసుకుంటున్నప్పుడు గర్భం రాకూడదు, గర్భస్రావానికి, బిడ్డలో లోపాలకు అవకాశం ఉంది. బిడ్డకు పాలు కూడా ఇవ్వకూడదు. కాబట్టి ఇప్పుడే మీ ఇద్దరూ కలిసి డాక్టరు గారితో గర్భనిరోధం గురించి మాట్లాడండి. నెల తప్పిందనిపిస్తే ఆ రోజే చెప్పండి. అంతమాత్రాన తల్లివి కావన్న దిగులు పెట్టుకోకు. జబ్బు బాగా అదుపులోకి వచ్చాక, డాక్టర్లతో కలిసి ముందుగా ఆలోచించుకుని, మందు ఆపి బిడ్డను కని, మళ్ళీ మందు మొదలుపెట్టిన స్త్రీలు ఉన్నారు. మీ అత్తగారికి ఈ సంగతి నన్ను చెప్పమంటే నేనే వచ్చి చెబుతాను.

మాత్రలను స్ట్రిప్పులోనే, ఎండా చెమ్మా తగలని చోట, పిల్లలకు అందకుండా పెట్టు. విరిగిన మాత్రను ఇంట్లో గర్భిణులెవరూ ముట్టుకోకూడదు.

ఖర్చు గురించి మీ నాన్న కంగారు పడుతున్నాడు. ఒకప్పుడు అసలు కంపెనీ మందు నెలకు లక్ష రూపాయలు దాటేది. దానిపై పేటెంటు కోరిన కేసును సుప్రీంకోర్టు 2013 ఏప్రిల్ 1న కొట్టివేసింది. ఆ కేసులో ఎదుటిపక్షాన నిలిచినవారిలో మన హైదరాబాదు నాట్కో కంపెనీ కూడా ఉంది. అప్పటికే దేశంలో ఇతర కంపెనీలు తయారుచేస్తున్న అదే మందు, అంటే జనరిక్ మందు, మనకు అందుబాటులో నిలిచింది. ఆసుపత్రిలో ప్రభుత్వ ఆరోగ్య పథకం పనులు చూసే ఆరోగ్యమిత్రను కలిసి నీ కార్డుకు ఏమి వర్తిస్తుందో అడుగు. డబ్బు చాలక మాత్రను రోజు మార్చి రోజు వేసుకునే ఆలోచన మాత్రం చేయవద్దు, అంతకుముందే నాకు ఫోను చెయ్యి.

మొదటి పీసీఆర్ కాగితం రాగానే ఫోటో తీసి పంపు. నా పాత నోటుపుస్తకం తీసి, నా మూడవ నెల అంకె పక్కన నీ అంకె వ్రాసి ఉంచుతాను.

ఇట్లు,
నీ పెద్దమ్మ